గోదావరి సీమలో రక్తశుద్ధి శాలలు

గోదావరీ తీరమునకు యాత్ర పోవువారు రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవును, ధవళేశ్వరమున ఆనకట్టను, అంతర్వేదిలో సాగరసంగమమును చూచి, ఆత్రేయపురపు పూతరేకులు పొట్లము కట్టించుకొని యింటికి మరలుట వాడుక. ఆషాఢమాసమున, నదికి క్రొత్తనీరు తగిలిన వారములో, మా అక్కచెల్లెండ్రము ఇద్దఱము చేసిన ప్రయాణము అట్టిది కాదు. రాజోలు ప్రాంతమున ఒక లంక గ్రామములో నుండు మా పిన్నిగారికి మూత్రపిండములు రెండును చెడినవనియు, వారమునకు మూడు మారులు డయాలసిస్ చేయింపవలెననియు వైద్యులు చెప్పిరి. ఏ యూరి కేంద్రమున చేర్పింపవలెను, దేనిని నమ్మవలెను అను విచారణ మా మీద పడెను. అందుచే రాజమహేంద్రవరము మొదలుకొని అమలాపురము మీదుగా నరసాపురము, భీమవరము వఱకు కొన్ని కేంద్రములను కన్నులార చూచి వచ్చితిమి. వాని పేర్లు ఇచ్చట వ్రాయము. ఒకనాటి చూపుతో ఒక సంస్థను మెచ్చుటయు, దూషించుటయు న్యాయము కాదు. పేర్లకంటె, చూడవలసిన విషయము లేవియో తెలిసికొనుటయే సోదరీమణులకు ఎక్కువ యుపయోగము.

ముందుగా ఈ చికిత్స యెట్టిదో చెప్పుదుము. మన శరీరములోని మాలిన్యమును, అధికమైన నీటిని మూత్రపిండములు రేయింబవళ్లు వడియగట్టి పంపుచుండును. అవి పని మానినప్పుడు, రక్తమును గొట్టముల ద్వారా వెలుపలికి తెచ్చి, వెండ్రుకలవంటి సన్నని నాళముల కట్ట గుండ నడిపి, మరల దేహములోనికి పంపుదురు. ఆ నాళముల వెలుపలి వైపున శుద్ధజలముతో కలిపిన లవణద్రవము పాఱుచుండును. మాలిన్యము రక్తమునుండి ఆ ద్రవములోనికి దిగిపోవును. ఒక్కొక్క పర్యాయమునకు నాలుగు గంటలు పట్టును. 1943లో యుద్ధకాలమున హాలండు దేశమున విలెం కోల్ఫ్ అను వైద్యుడు దీనికి మొదటి యంత్రమును కూర్చెను. దానివలన ప్రాణము దక్కిన మొదటి రోగి 67 ఏండ్ల యొక వృద్ధ స్త్రీ. అది 1945లో జరిగినది. ఈ సంగతి విన్నప్పుడు మా పిన్నిగారి ముఖమున చిఱునవ్వు కనబడెను.

నాలుగు గంటల చికిత్సకు సుమారు 120 లీటర్ల నీరు కావలెను. అనగా పదునైదు లీటర్ల బిందెలతో ఎనిమిది బిందెలు. మనము త్రాగు నీటిలో కొంచెము దోషమున్నను కడుపు దానిని కొంతవఱకు ఆపగలదు. డయాలసిస్ నందు నీటికిని రక్తమునకును నడుమ నుండునది పలుచని పొర యొక్కటియే. కావున ఏ కేంద్రము మంచిచెడ్డలైనను నీటి గదిలో మొదలగును. ఈ విషయమున గోదావరి ఆడువారికి వేఱొకరు పాఠము చెప్పనక్కఱలేదు. క్రొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో ఇండుపగింజ అరగదీసి, నీరు తేరినదో లేదో చూచి గాని వాడని యిండ్లలో పెరిగినవారము.

రాజమహేంద్రవరమున మేము మొదట చూచిన కేంద్రము వెలుపలికి మిగుల సొగసుగా నుండెను. నున్నని పాలరాతి నేల, చల్లని గది, గోడకు టెలివిజను. నీటి గది చూపుడని యడుగగా అచ్చటి యుద్యోగి నవ్వి, "అది మీకెందుకండీ అమ్మగారూ, లోపలంతా మోటార్లే" అని మాట తప్పించెను. రెండవ కేంద్రము పాత కట్టడములో నుండెను. గోడల సున్నము పెచ్చులూడియుండెను. అచ్చటి టెక్నీషియను, కోనసీమ కుఱ్ఱవాడు, మేము అడిగినదే తడవుగా మమ్ము లోనికి తీసికొనిపోయి అన్నియు చూపెను. మొదట ఇసుక వడపోత, తరువాత గట్టినీటిని మెత్తబరచు తొట్టి, ఆ తరువాత బొగ్గు తొట్లు రెండు, తుదకు ఆర్.ఓ. యంత్రము. ప్రక్కన త్రాటికి వ్రేలాడుచు ఒక పుస్తకము. అందులో ప్రతి విడతకు ముందు నీటిలో క్లోరిన్ ఎంత యున్నదో పరీక్షించి, అంకె వ్రాసి, చేవ్రాలు చేసియుండిరి.

ఆ పుస్తకము విలువ ఆషాఢములో గాని తెలియదు. నది యెఱ్ఱబడినప్పుడు పట్టణపు నీటి సరఫరాలో పటికయు, క్లోరిన్ మందును హెచ్చుగా కలుపవలసివచ్చును. త్రాగువారికి అది మేలే. కాని క్లోరిన్ డయాలసిస్ నీటిలో మిగిలిపోయినచో రక్తకణములు పగిలిపోవును. దానిని పట్టి యుంచునవి ఆ బొగ్గు తొట్లే. పటికలోని అల్యూమినియము దేహములో చేరినచో ఎముకలను, మెదడును చెరచును. 1970 దశకమున పాశ్చాత్య దేశములలో పలువురు రోగులు ఇట్లు చెడిన తరువాతనే దీని కారణము తెలిసినది. లీటరు నీటిలో మొత్తము క్లోరిన్ 0.1 మిల్లీగ్రామును, అల్యూమినియము 0.01 మిల్లీగ్రామును మించరాదని నియమము. బ్రెజిలు దేశమున కరువారు అను పట్టణములో 1996లో, లారీలమీద తెచ్చిన జలాశయపు నీరు సరిగా శుద్ధి కాకపోవుటచే, నాచువంటి సూక్ష్మజీవుల విషము రోగుల రక్తములో కలిసి, ఒకే కేంద్రమున ఏబదిమందికి పైగా మరణించిరి. పచ్చని చెరువులు గల మన సీమవారు ఈ కథను మఱువరాదు. నీటి గది తలుపు మూసియుంచు కేంద్రముకంటె, గోడ పెచ్చులూడినను పుస్తకము తెఱచి చూపు కేంద్రమే మేలని మేమచ్చటనే నిశ్చయించుకొంటిమి.

నీటి తరువాత చూడవలసినవి చేతులు. ఒక రోగిని తాకిన చేతితో మఱియొక రోగిని తాకుటకు ముందు నర్సులు చేతులు కడిగికొనుచున్నారా, తొడుగులు మార్చుచున్నారా అనునది మూలన కుర్చీ వేసికొని అరగంట చూచిన తెలియును. రక్తము ద్వారా వ్యాపించు కామెర్ల వ్యాధులు ఇట్టి చోటుల సులభముగ అంటుకొనును. హెపటైటిస్ బి ఉన్నవారికి ప్రత్యేకముగ యంత్రమును, ప్రత్యేకముగ స్థలమును ఉండవలెను. క్రొత్తగా చేరువారికి ముందే రక్తపరీక్ష చేసి, ఆ వ్యాధి లేనివారికి టీకా వేయవలెను. రక్తము వడియగట్టు నాళముల కట్టను కడిగి మరల వాడుట మన దేశమున వాడుకలో నున్నది. అట్లు వాడునప్పుడు దానిమీద రోగి పేరు, ఎన్నవ మారు వాడుచున్నారను లెక్క వ్రాసియుండవలెను. ఒకచోట నర్సు ఆ పేరును పైకి చదివి, "మీ పేరు మీరే చెప్పండి పెద్దమ్మగారూ" అని రోగిచేత చెప్పించి, రెండును సరిపోయిన పిమ్మట గొట్టములు తగిలించెను. ఆ యొక్క వాక్యము మాకు పాలరాతి నేలకంటె ఎక్కువ ధైర్యము నిచ్చినది.

మఱునాడు ధవళేశ్వరము దాటి కోనసీమలో ప్రవేశించితిమి. 1852లో ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట ముగించిన నాటినుండి ఈ సీమ కాలువలతో, వరిచేలతో, కొబ్బరితోటలతో కన్నులపండువుగా నున్నది. రావులపాలెమున అరటి గెలల రాసులు, అంబాజీపేటలో కొబ్బరికాయల గుట్టలు, ప్రతి వాకిటను అతిథికి బొండము కొట్టియిచ్చు మర్యాద. మూత్రపిండములు చెడినవారికి ఈ సిరియే శత్రువగుట ఎంత వింత! కొబ్బరినీటిలోను, అరటిపండులోను పొటాషియము అధికము. ఆరోగ్యవంతుల మూత్రపిండములు దానిని వెలుపలికి పంపివేయును. రోగి దేహములో అది నిలిచి, గుండె కొట్టుకొనుటను ఆపివేయగలదు. కొబ్బరినీళ్లు చలువచేయునని ప్రేమతో పోయు చేయియే ప్రాణము మీదికి తెచ్చును.

కావున మంచి కేంద్రమునకు మఱియొక గుఱుతు, అచ్చటివారు వంట చేయువారితో మాటలాడుట. అమలాపురములో నొకచోట ఆహారవిషయము చెప్పు యువతి మమ్ము కూర్చుండబెట్టి, ఇంటిలో నేమి వండుదురో ముందుగా అడిగి, తరువాత సలహా చెప్పెను. కూరలు చెక్కుదీసి, సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పాఱబోసి పోపు వేయవలెను. ఆవకాయ, అప్పడము, ఎండుచేప ఉప్పు మూటలు. అవి దాహమును పెంచును, దాహము నీటిని త్రాగించును, ఆ నీరు ఊపిరితిత్తులలో చేరును. "రక్తపుపోటుకు మంచిదని అంగళ్లలో అమ్ము తక్కువ సోడియము గల ఉప్పును ఈ రోగులకు ఎన్నడును వాడకుడు, అందులో సోడియమునకు బదులు పొటాషియమే యుండును" అని ఆమె రెండు మారులు హెచ్చరించెను. మఱియొకచోట ఇదే ప్రశ్నకు అచ్చు వేసిన కాగిత మొకటి చేతికిచ్చి పంపిరి. అది ఆంగ్లమున నుండెను.

పిమ్మట త్రాసును, గడియారమును చూడవలెను. చికిత్సకు ముందును, తరువాతను రోగిని తూచి వ్రాయుచున్నారా? నీరు చేరని నిజమైన బరువు ఎంతయో వైద్యుడు నెలనెలా చూచి మార్చుచున్నాడా? తొందరపడి నీటిని లాగినచో రక్తపుపోటు పడిపోవును, పిక్కలు పట్టుకొనును, గుండె నొచ్చును. దేహపు బరువు ఒక్కొక్క కిలోకు గంటకు 13 మిల్లీలీటర్లకు మించి తీయరాదని నేటి వైద్యుల మతము. ఏబది కిలోల మనిషికి నాలుగు గంటలలో 2.6 లీటర్లు మాత్రమే యన్నమాట. మేము చూచుచుండగనే ఒక వృద్ధునికి పిక్క పట్టెను. ఆయన నోరు తెఱవకముందే నర్సు వచ్చి యంత్రపు వేగము తగ్గించి, పాదము పట్టి నిమిరి, పోటు చూచెను. వేఱొకచోట యంత్రము కూతవేయుచుండగా ఎవరును కదలలేదు. ప్రక్క మంచము రోగి బంధువే లేచి మీట నొక్కెను. ఏ యంత్రము క్రొత్తదో, ఏది పాతదో మాకు తెలియదు గాని, కూతకు పలికెడి మనుష్యులు ఎచ్చట నున్నారో స్పష్టముగ తెలిసినది.

శుద్ధి సరిగా జరిగినదో లేదో తెలిసికొనుటకు సులభమైన లెక్క యొకటి కలదు. చికిత్సకు ముందు రక్తములో యూరియా 100 ఉన్నదనుకొనుడు. తరువాత అది 35 గాని అంతకు తక్కువ గాని కావలెను. నెలకొక మారైనను ఈ పరీక్ష చేసి అంకె చెప్పవలెను. అట్లే రక్తములో హెమోగ్లోబిన్ పదికి తగ్గకుండ చూచి, తగ్గినచో ఇనుమును, రక్తవృద్ధి సూదిని ఇయ్యవలెను. అన్నిటికంటె ముఖ్యము, నాలుగు గంటలు నాలుగు గంటలుగనే జరుగుట. మంచముల కొఱత వలన గాని, బస్సు తప్పిపోవునను తొందర వలన గాని మూడు గంటలకే సూదులు తీయుట తఱచు జరుగునని రోగులే మాతో చెప్పిరి. ఇట్లు తొందరపడి లేచువారిలో పొయ్యి వెలిగింపవలసిన స్త్రీలే ఎక్కువగా కనబడిరి.

వైనతేయ దాటి రాజోలు సీమ చేరి, మా పిన్నిగారి యింట రెండు రోజులుంటిమి. ఆమె చేతికి అప్పటికే చిన్న శస్త్రచికిత్స చేసి, ధమనిని సిరతో కలిపియుండిరి. దీనిని ఫిస్టులా అందురు. 1966లో న్యూయార్కు వైద్యులు లోకమునకు తెలిపిన ఈ యుపాయము నేటికిని సూదులు గుచ్చుటకు ఉత్తమ మార్గము. మెడలో గొట్టము పెట్టి చాలకాలము నడుపుట సూక్ష్మజీవులను ఆహ్వానించుటయే; కావున రోగికి ఫిస్టులా గూర్చి మొదటి మాసములలోనే చెప్పు కేంద్రము మంచిది. ఆ చేతికి పోటు చూడరాదు, రక్తము తీయరాదు, బరువు మోయరాదు, బిగువైన గాజులు తొడుగరాదు. ఈ తుదిమాట మా పిన్నిగారికి మిక్కిలి కష్టమాయెను. భర్త బ్రతికియుండగా ఎడమచేయి బోసిగా నుండుట ఎట్లని కన్నీరు పెట్టుకొనెను. అప్పుడు బాబయ్యగారే, "ఆ చెయ్యి నాకు గాజులు లేకపోయినా ఫరవాలేదు గాని, నువ్వు లేకపోతే ఎలాగే" అని యొక్కొక్క గాజే మెల్లగా తీసి పెట్టెలో పెట్టిరి. నాటినుండి ఉదయము లేవగనే ఆమె కుడిచేతి వ్రేళ్లతో ఎడమచేతిని తాకి, లోపల ఝుమ్మను కదలిక యున్నదో లేదో చూచుకొనుచున్నది. అది ఆగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

లంకలవారికి వేఱొక చింత కలదు. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద వరద 17.75 అడుగుల మూడవ హెచ్చరికను దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రములోనికి పోయినప్పుడు, కోనసీమ లంకలు అనేకము నీటిలో మునిగి, పడవలే దిక్కైనవి. తక్కినవారికి అట్టి దినములలో బియ్యము, కిరసనాయిలు చాలును. డయాలసిస్ రోగికి మూడవనాటికే ఊపిరాడదు. అందుచే మేము ప్రతి కేంద్రమునను, "వరద వచ్చినప్పుడు మీ రోగులకు ఏమి చేయుదురు?" అని యడిగితిమి. చాలమంది, "అప్పుడు చూతము" అనిరి. ఒక్కచోట మాత్రము పెద్దనర్సు లంక గ్రామముల రోగుల పట్టీ తీసి చూపెను. మొదటి హెచ్చరిక వెలువడగనే వారికి ఫోను చేసి, ఒకనాడు ముందుగనే పిలిచి చికిత్స చేయుదురట. గట్టున బంధువులెవరున్నారో కూడ వ్రాసికొనియుండిరి. కట్టు దాటలేని దినములలో నీటిని, ఉప్పును, పండ్లను ఇంకను తగ్గింపవలెనని రోగులకు ముందే నేర్పియుండిరి.

సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి వసిష్ఠను దాటి నరసాపురము, అచ్చటినుండి భీమవరము పోతిమి. ఆ ప్రాంతమున చేపల చెరువులు, రొయ్యల చెరువులు మెండు. భూగర్భజలము పెక్కుచోటుల ఉప్పన. వేసవిలో కాలువలు కట్టినప్పుడు నిలువచేసిన చెరువు నీరే యాధారము. కావున అచ్చటి కేంద్రములలో నీరెచ్చటిది, ఏ మాసమున ఏది వాడుదురు అని యడుగుట మఱింత యవసరము. అట్లడుగగా ఒకరు కోపగించిరి, ఒకరు ఓపికగా చెప్పిరి. ఆ భేదము కూడ మా లెక్కలో వ్రాసికొంటిమి.

ధనవిషయము. 2007లో ఆరోగ్యశ్రీ అను పేర మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ యని పిలువబడు పథకము క్రింద అర్హులైన కుటుంబములవారికి ఈ చికిత్స ఉచితము. 104 సంఖ్యకు ఫోను చేసి వివరములడుగవచ్చును, ఫిర్యాదు చెప్పవచ్చును. డయాలసిస్ చేయించుకొను అర్హులకు రాష్ట్రప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. ఉచితముగ వచ్చుచున్నది గదా యని ప్రశ్నింపక తలవంచుకొని కూర్చుండుట తగదు. ఆ సొమ్ము ప్రజలదే. నీరు శుద్ధముగ నుండవలెనని యడుగుట యాచన కాదు.

ఇంత చెప్పిన పిమ్మట అసలు చిక్కు వేఱొకటి యున్నదని వ్రాయక తప్పదు. 1960 తరువాత అమెరికాలోని సియాటిల్ నగరమున దీర్ఘకాలపు డయాలసిస్ మొదలైనప్పుడు, యంత్రములు కొలదిగా నుండుటచే, ఎవరికి చికిత్స, ఎవరికి లేదు అని తేల్చుటకు ఏడుగురు పౌరుల సంఘమును నియమించిరి. వయస్సు, సంసారము, ఉద్యోగము, ఆదాయము చూచి వారు నిర్ణయించుచుండిరి. 1962లో ఆ సంగతి పత్రికలకెక్కి లోకమంతయు విస్తుపోయెను. మన యిండ్లలో అట్టి సంఘము అక్కఱలేకయే తీర్పు జరిగిపోవుచున్నది. రోగి తానే, "నాకెందుకండీ ఇంత ఖర్చు, ఇంత తిరుగుడు" అని తీర్పు చెప్పుకొనును. మా పిన్నిగారును అట్లే యనెను. మన దేశమున బంధువులకు మూత్రపిండము దానము చేయువారిలో స్త్రీలు ఎక్కువ. పొందువారిలో పురుషులు ఎక్కువ. మేము చూచిన కేంద్రములన్నిటను మంచములమీద మగవారును, ప్రక్క కుర్చీలలో ఆడవారును అధికముగ కనబడిరి. వ్యాధి అట్లు లింగభేదము చూచి వచ్చునది కాదు. చికిత్స వెదకుటలోనే ఆ భేదము పుట్టుచున్నది.

అందుచే మేము పిన్నిగారి ముందు ఖర్చుల లెక్క పెట్టలేదు. చూచిన కేంద్రముల గుణదోషములను వరుసగా చెప్పి, "మీకు ఏది నచ్చినది?" అని మాత్రము అడిగితిమి. ఆమె చాలసేపు ఆలోచించి, లంకల పట్టీ వ్రాసికొన్న కేంద్రమునే కోరెను. "మన గోదారి సంగతి వాళ్లకి తెలుసు" అని కారణము చెప్పెను. అది దగ్గఱిదియు కాదు, సొగసైనదియు కాదు. ఇప్పుడు వారమునకు మూడు దినములు అచ్చటికి పోయివచ్చుచున్నది. ఆ దినములలో వంట బాబయ్యగారిది.

సోదరీమణులారా! మీ యిండ్లలో ఎవరికైనను ఇట్టి యవసరము వచ్చినచో, నీటి పుస్తకము చూపుడని యడుగుడు. నర్సుల చేతులు చూడుడు. త్రాసును, గడియారమును, యూరియా అంకెను చూడుడు. యంత్రము కూతకు ఎవరు పలుకుదురో, వరదనాడు ఎవరు పిలుతురో కనుగొనుడు. చీర నేతను వెలుతురులో పట్టి చూచి, బియ్యమును అరచేతిలో పోసి చూచి కొను మనకు ఈ పరీక్ష కష్టము కాదు. మఱియు ఆ మంచముమీద పండుకొనవలసినవారు మీరే యైనచో, ఇదే శ్రద్ధతో మీకొఱకును వెదకికొనుడని మా మనవి.